84 నుంచి 66కి, 66 నుంచి 53కి: ఒక వాటర్ కూల్డ్ పీసీ కేసు

మే మొదటి వారంలో మాదాపూర్ నుంచి మా పీసీ రిపేరు వర్క్‌షాప్‌కి ఒక ఫోన్ వచ్చింది. బిల్డర్లకు అపార్ట్‌మెంట్లు కట్టకముందే వాటి బొమ్మలు, లోపల నడిచి చూసినట్టుండే వాక్‌త్రూ వీడియోలు కంప్యూటర్‌లో తయారుచేసి (దాన్నే రెండర్ అంటారు) ఇచ్చే చిన్న స్టూడియో అది. నడిపే మేడమ్ మాట్లాడారు. "సాయంత్రం రెండర్ పెట్టి ఇంటికి వెళ్తే పొద్దున్నకి అయిపోయేదండీ. ఇప్పుడు మధ్యాహ్నం దాకా నడుస్తూనే ఉంది. ఫ్యాన్లు మిక్సీలా మోగుతున్నాయి. అంత డబ్బు పోసి వాటర్ కూలింగ్ పెట్టించుకున్నది ఇందుకేనా?"

ఆమె బాధ న్యాయమైనదే. గాలితో చల్లబడే గ్రాఫిక్స్ కార్డు వేడెక్కితే మనిషికి పెద్దగా అనిపించదు. నీళ్ళు తిరిగే మెషిన్‌లో కార్డు 84 డిగ్రీలు చూపిస్తే మాత్రం మోసపోయామన్న భావన వస్తుంది. పైగా అది వాళ్ళకు అన్నం పెట్టే మెషిన్.

అక్కడ పనిచేసే కుర్రాడు ఫోన్ అందుకుని, "అన్నా, థర్మల్ పేస్ట్ ఎండిపోయి ఉంటది. కొత్తది ఎక్కిస్తే అయిపోతది కదా?" అన్నాడు. చిప్‌కీ, దాన్ని చల్లబరిచే నీళ్ళు పారే రాగి బ్లాక్‌కీ మధ్య పూసే పేస్ట్ అది. పదిమందిలో తొమ్మిదిమంది అనే మాటే. నేను చెప్పింది ఒక్కటే: "తమ్ముడూ, నేను వచ్చేదాకా దేన్నీ విప్పొద్దు. ముందు నీళ్ళు ఎంత వేడిగా ఉన్నాయో చూద్దాం."

మెషిన్ ఇది. రైజెన్ 9 5950ఎక్స్ ప్రాసెసర్, 24 జీబీ మెమరీ ఉన్న ఆర్‌టీఎక్స్ 3090 గ్రాఫిక్స్ కార్డు. నీళ్ళని ఫ్యాన్ల గాలితో చల్లార్చే 360 మిల్లీమీటర్ల రేడియేటర్లు రెండు, ముందు ఒకటి, పైన ఒకటి. డీ5 రకం పంపు, దాని మీదే బిగించిన రిజర్వాయర్ (నీళ్ళ తొట్టి). అద్దంలా కనిపించే మెత్తటి పీవీసీ ట్యూబులు, వాటిలో పాలలాంటి తెల్లటి పేస్టల్ కూలంట్ (చల్లబరిచే ద్రవం). నీళ్ళు పంపు నుంచి కార్డుకి, అక్కడి నుంచి ముందు రేడియేటర్‌కి, ప్రాసెసర్‌కి, పై రేడియేటర్‌కి వెళ్ళి తిరిగి రిజర్వాయర్‌కి వస్తాయి. ఈ చుట్టునే లూప్ అంటాం. 14 నెలల క్రితం వేరే అసెంబ్లర్ కట్టిచ్చాడు. చూడటానికి చాలా అందంగా ఉంది. కానీ నీళ్ళ వేడి చూపే సెన్సర్ లేదు, ఎంత నీరు పారుతోందో చూపే ఫ్లో మీటర్ లేదు. ఇంత ఖరీదైన లూప్‌లో నాలుగైదు వందల రూపాయల సెన్సర్ పెట్టకపోవడం నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

మొదటి రోజు కొలతలు

ఎప్పుడూ ఒకే పరీక్ష పెడతాను. వాళ్ళదే ఒక బ్లెండర్ (3డీ బొమ్మల సాఫ్ట్‌వేర్) సీన్‌ని జీపీయూ (గ్రాఫిక్స్ కార్డులోని ప్రధాన చిప్) మీద ఆపకుండా రెండర్ చేయిస్తూ అరగంట ఆగడం. నీళ్ళు నింపిన మెషిన్ వేడెక్కడానికి టైమ్ పడుతుంది. ఐదు నిమిషాలు చూసి "బాగానే ఉంది" అనుకుంటే మోసపోతాం. నీళ్ళు, రాగి, ఇత్తడి అన్నీ కలిసి ఒక స్థాయికి చేరి అక్కడ నిలబడ్డాక వచ్చే అంకెలే అసలు అంకెలు.

అరగంట తర్వాత వేడి, వేగం చూపే హెచ్‌డబ్ల్యూ ఇన్ఫో సాఫ్ట్‌వేర్‌లో చూస్తే జీపీయూ 84 డిగ్రీలు, హాట్ స్పాట్ (జీపీయూలో అన్నిటికంటే వేడి చోటు) 106, మెమరీ జంక్షన్ (మెమరీ చిప్‌ల లోపలి వేడి) 106. ఈ కార్డుకి మామూలుగా పెట్టే ఉష్ణోగ్రత హద్దు 83. అది దాటగానే కార్డు తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది. ఇక్కడా అదే జరుగుతోంది. 350 వాట్లు తాగాల్సిన కార్డు 300 వాట్ల దగ్గర ఆగిపోయింది, క్లాక్, అంటే చిప్ వేగం, 1400 మెగాహెర్ట్జ్ దగ్గరికి పడిపోయింది. రెండర్ మధ్యాహ్నం దాకా సాగుతున్నది అందుకే.

జీపీయూ 84 అన్న అంకె ఒక్కటే చూస్తే ఏమీ తెలియదు. వేడి చిప్‌లో పుట్టి గాలిలో కలిసేలోపు చాలా చేతులు మారుతుంది. చిప్ నుంచి పేస్ట్ ద్వారా రాగి బ్లాక్‌కి, బ్లాక్ నుంచి నీళ్ళకి, నీళ్ళ నుంచి రేడియేటర్‌కి, అక్కడి నుంచి గదిలోని గాలికి. ఎక్కడో ఒక చేతి దగ్గర ఆగుతోంది. ఎక్కడన్నది తెలియాలంటే మధ్యలో ఉన్న నీళ్ళ వేడి తెలియాలి. నీళ్ళు గాలి కంటే బాగా వేడిగా ఉంటే తప్పు రేడియేటర్, ఫ్యాన్లు, దుమ్ము, కేస్ వైపు. నీళ్ళు మామూలుగా ఉండి చిప్ కాలిపోతుంటే తప్పు బ్లాక్ వైపు.

రిజర్వాయర్ మూత తీసి డిజిటల్ ప్రోబ్ నీళ్ళలో ముంచాను. 41 డిగ్రీలు. ముందు రేడియేటర్‌లోకి పోయే గాలి 31. గదిలో ఏసీ 27 దగ్గర ఉంది కానీ, మెషిన్‌ని టేబుల్ కింద చెక్క అరలో తోసేశారు. అది తన వేడి గాలినే మళ్ళీ పీల్చుకుంటోంది. ఆ సంగతి తర్వాత చూద్దామని రాసిపెట్టుకున్నాను. నీళ్ళకీ గాలికీ మధ్య తేడా 10 డిగ్రీలు. రెండు 360 రేడియేటర్లకు ఇది సరైన తేడాయే. నీళ్ళకీ జీపీయూకీ మధ్య తేడా మాత్రం 43. బ్లాక్ బాగా పట్టుకున్న ఇలాంటి కార్డుకి నేను చూసే తేడా 10 నుంచి 15 మధ్య ఉంటుంది. అంటే రేడియేటర్లు నిర్దోషులు. ఈ పరీక్ష లేకుండా పోతే ఏమవుతుందో కూడా అక్కడే కనిపించింది. నేను రాకముందు ఎవరో చెప్పారని ఆరు ఫ్యాన్లూ మార్పించారు. చప్పుడు మాత్రం పెరిగింది.

మీటర్ లేకుండా ఫ్లో ఎలా తెలుసుకున్నాను

బ్లాక్ వైపు తప్పంటే రెండు అనుమానాలు. బ్లాక్ చిప్‌ని సరిగ్గా తాకడం లేదు, లేదా బ్లాక్‌లోంచి నీళ్ళు సరిగ్గా పారడం లేదు. పంపు 4700 ఆర్‌పీఎం చూపిస్తోంది. కుర్రాడు దాన్ని చూసి "పంపు ఫుల్‌గా తిరుగుతోంది అన్నా" అన్నాడు. తిరుగుతున్నది పంపు చక్రం. దారి మూసుకుపోయినా అది అలాగే తిరుగుతుంది. నీళ్ళు కదులుతున్నాయో లేదో ఆ అంకె చెప్పదు.

ఫ్లో మీటర్ లేకపోయినా నీళ్ళే చెబుతాయి. ఒక లీటరు నీటిని ఒక డిగ్రీ వేడి చేయాలంటే సుమారు 4186 జూల్స్ కావాలి. కార్డు ఎన్ని వాట్లు నీళ్ళలో పోస్తోందో తెలుసు. కార్డులోకి వెళ్ళే ముందు, బయటికి వచ్చాక నీళ్ళ వేడి కొలిస్తే ఎంత నీరు పారుతోందో లెక్కకట్టవచ్చు. వేడి కొలిచే సన్నటి థర్మోకపుల్ తీగలు రెండు తీసుకుని ఒకటి పంపు దగ్గర ఇత్తడి ఫిట్టింగ్ మీద, ఇంకొకటి ముందు రేడియేటర్ మొదటి ఫిట్టింగ్ మీద పెట్టి పైన ఫోమ్ టేప్ చుట్టాను. రెండోదాన్ని కార్డు ఫిట్టింగ్ మీద పెట్టకూడదు. అక్కడ నీళ్ళ వేడికి బ్లాక్ వేడి కూడా తోడవుతుంది. ట్యూబు మీదా పెట్టకూడదు, ప్లాస్టిక్ వేడిని దాచేస్తుంది.

లోపలికి 41, బయటికి 50. తొమ్మిది డిగ్రీలు పెరిగింది. 300 వాట్లని 4186తో, 9తో భాగిస్తే సెకనుకి 0.008 లీటరు, అంటే నిమిషానికి అర లీటరుకి కాస్త తక్కువ. కొంత వేడి కార్డు వెనక ప్లేట్ నుంచి గాలిలోకి పోతుంది కాబట్టి అసలు ఫ్లో ఇంకా తక్కువే అయి ఉండాలి. డీ5 పంపుతో ఇలాంటి లూప్‌లో నిమిషానికి మూడు లీటర్లకు తక్కువ రాకూడదు. నీళ్ళు పారడం లేదు, కారుతున్నాయి.

ట్యూబుల్ని టార్చ్ వేసి చూస్తే లోపలి గోడ మీద తెల్లటి పొర కనిపించింది. రిజర్వాయర్ అడుగున తెల్లటి మడ్డి. కూలంట్ పైన మాత్రం పలచబడి బియ్యం కడిగిన నీళ్ళలా ఉంది. మధ్యలో ఎవరైనా ఏమైనా పోశారా అని అడిగాను. కుర్రాడు కొంచెం ఆగి చెప్పాడు: "లెవెల్ తగ్గిందని రెండుసార్లు మినరల్ వాటర్ పోసిన అన్నా. మంచి నీళ్ళే కదా అని."

అతని తప్పు కాదు. ఎవరూ చెప్పలేదు. ట్యూబుల గోడల నుంచి నీరు కొద్దికొద్దిగా ఆవిరై పోతూనే ఉంటుంది కాబట్టి లెవెల్ తగ్గడం సహజం. తగ్గితే ఏం పోయాలో చెప్పకుండా మెషిన్ ఇచ్చేయడమే తప్పు. నీళ్ళలో కరిగిన లవణాల్ని కొలిచే టీడీఎస్ పెన్‌ని వాళ్ళ వాటర్ క్యాన్‌లో ముంచితే 90 చూపించింది. తాగడానికి మంచి నీళ్ళే. పేస్టల్ కూలంట్‌కి కాదు. ఆ తెలుపు రంగు నీళ్ళలో కరిగేది కాదు. అతి సన్నటి రేణువులు ఒకదాన్నొకటి నెట్టుకుంటూ నీళ్ళలో తేలుతుంటాయి. నీళ్ళలో లవణాలు చేరగానే ఆ నెట్టుకునే గుణం పోయి రేణువులన్నీ ముద్దకడతాయి. కాచిన పాలలో నిమ్మరసం పడితే విరిగినట్టే. విరిగిన ముద్ద వెళ్ళి చేరేది లూప్‌లోని సన్నటి చోట్లకే. పంపు నుంచి వచ్చే నీళ్ళకి తగిలే మొదటి సన్నటి చోటు జీపీయూ బ్లాక్.

బ్లాక్ విప్పినప్పుడు

నీళ్ళు దించి, కార్డు బయటికి తీసి, బ్లాక్ విప్పాను. పై మూత ఎత్తగానే మేడమ్ "అయ్యో" అన్నారు. రాగి మీద అర మిల్లీమీటరు సందులతో కోసిన ఫిన్‌లు (పలచటి రేకులు) ఉండాలి. వాటి బదులు తెల్లటి పెరుగు పొర కనిపించింది. మధ్యలో వేలు మందాన ఒక దారి తప్ప అంతా మూసుకుపోయింది. పీవీసీ ట్యూబుని మెత్తగా ఉంచడానికి కలిపే ప్లాస్టిసైజర్ కూడా వేడికి మెల్లగా నీళ్ళలోకి దిగుతుంది, జిగురుగా ఫిన్‌లకి పట్టుకుంటుంది. ఇక్కడ రెండూ కలిశాయి.

శుభ్రం చేసే పద్ధతి గురించి కొంచెం వివరంగా చెబుతాను, ఎందుకంటే ఇక్కడ పాడుచేసుకునేవాళ్ళు చాలామంది. మెత్తటి టూత్‌బ్రష్, డిస్టిల్డ్ వాటర్, రెండు చుక్కల గిన్నెలు తోమే లిక్విడ్ సరిపోతాయి. బ్రష్ ఫిన్‌ల వెంటే నడవాలి, అడ్డంగా కాదు. వెనిగర్ పోసి నానబెట్టమని చాలామంది చెబుతారు. ఉత్త రాగికి పర్వాలేదు, నికెల్ పూత ఉన్న బ్లాక్‌ని గంటలకొద్దీ అందులో ఉంచితే పూత దెబ్బతింటుంది. అక్రిలిక్ మూతకి ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అస్సలు తగలనీయకూడదు. అప్పుడే కనబడదు, తర్వాత వెంట్రుకల్లాంటి పగుళ్ళు వస్తాయి, వాటి నుంచే కారుతుంది. చిప్ మీది పాత పేస్ట్ తుడవడానికి మాత్రం అదే వాడాలి. అందుకే నేను ఈ రెండు పనులకి రెండు వేరు బల్లలు పెట్టుకుంటాను. నీళ్ళు కారకుండా ఆపే రబ్బరు ఓ-రింగ్‌ని గాడిలోంచి తీసేటప్పుడు సూది వాడొద్దు, చెక్క పుల్ల చాలు.

రేడియేటర్లని డిస్టిల్డ్ వాటర్‌తో నింపి, ఊపి, పాత చీర గుడ్డలోంచి వడకట్టాను. మొదటి మూడుసార్లు తెల్లటి తునకలు వచ్చాయి. ఆరోసారికి గుడ్డ శుభ్రంగా ఉంది. బోరు నీళ్ళతో కడిగి చివర్లో డిస్టిల్డ్ పోస్తే చాలదా అని అడుగుతుంటారు. రేడియేటర్‌లో చివరి పావు లీటరు ఎప్పుడూ మిగిలే ఉంటుంది. అది బోరు నీరైతే అదే సమస్య మళ్ళీ మొదలు. ఇన్వర్టర్ బ్యాటరీల షాపులో అమ్మే డిస్టిల్డ్ వాటర్‌నీ కళ్ళు మూసుకుని నమ్మకూడదు. ఈ పనికి కొన్న రెండు డబ్బాల్లో ఒకటి టీడీఎస్ 2 చూపిస్తే ఇంకొకటి 38 చూపించింది. రెండోది వెనక్కిచ్చేశాను.

ట్యూబులన్నీ తీసేసి ప్లాస్టిసైజర్ లేని నల్లటి ఈపీడీఎం రబ్బరు ట్యూబులు వేశాను. కూలంట్ రంగు లేనిది. మేడమ్‌కి ఆ తెలుపు అంటే ఇష్టం, క్లయింట్లు వచ్చినప్పుడు చూపించేవారట. రోజూ పది గంటలు రెండర్ చేసే మెషిన్‌లో పేస్టల్ కూలంట్ వద్దని గట్టిగానే చెప్పాను. ఒప్పుకున్నారు.

ఇక నా పొరపాటు. బ్లాక్ విప్పినప్పుడు మెమరీ చిప్‌ల మీది థర్మల్ ప్యాడ్‌లు (చిప్ వేడిని బ్లాక్‌కి అందించే మెత్తటి పట్టీలు) ముక్కలైపోయాయి. కొత్తవి వేయాలి. పాత ప్యాడ్ నలగని అంచుని కాలిపర్‌తో కొలిస్తే 1.5 మిల్లీమీటర్లు. అదే మందం కొత్తవి తెచ్చి వేశాను. ఉన్నదే తిరిగి వేశాను కదా అనుకున్నాను. చిప్ మీది పాత పేస్ట్ ఒక పక్క పలచగా, ఇంకో పక్క దళసరిగా ఉండటం కూడా చూశాను. 14 నెలల వేడికి పేస్ట్ జరిగి ఉంటుందని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. అక్కడ ఆగి ఆలోచించి ఉండాల్సింది.

అంతా బిగించి, గాలి పంపుతో 0.5 బార్ ఒత్తిడి పెట్టి ఇరవై నిమిషాలు చూశాను. ముల్లు కదలలేదు, అంటే లీకు లేదు. పవర్ సప్లై 24 పిన్ల కనెక్టర్‌కి జంపర్ (రెండు పిన్‌లని కలిపే తీగ) పెట్టి పంపుని మాత్రమే నడిపించి, కేస్‌ని అటూ ఇటూ వంచుతూ గాలి బుడగలు పోగొట్టాను. రాత్రి తొమ్మిదికి మళ్ళీ అదే రెండర్.

జీపీయూ 66. కార్డు పూర్తి 350 వాట్లు తీసుకుంటోంది. కార్డు ముందూ వెనకా నీళ్ళ తేడా 9 నుంచి 1.6కి దిగింది, అంటే నిమిషానికి మూడు లీటర్లు పైనే. గదిలో అందరి ముఖాలూ వెలిగిపోయాయి. మేడమ్ అన్నారు: "కొత్తలో కూడా ఇంతే ఉండేదండీ, 66, 67. కొత్తదానిలా చేసిచ్చారు."

ఒక విషయం ఇక్కడ చెప్పాలి, లేకపోతే చూసినవాళ్ళు టెన్షన్ పడతారు. రిజర్వాయర్‌లో నీళ్ళు మాత్రం 41 నుంచి 43కి పెరిగాయి. రిపేరు తర్వాత నీళ్ళు వేడెక్కడమేంటి? ఇంతకు ముందు రేడియేటర్‌లోకి 50తో వెళ్ళి 41తో తిరిగి వచ్చేవి, సగటు 45, 46. ఇప్పుడు లూప్ అంతా 43, 45 మధ్యే ఉంది. సగటు తగ్గింది, ఎక్కడ కొలిచినా దాదాపు ఒకే వేడి. పైగా కార్డు ఇప్పుడు 50 వాట్లు ఎక్కువ పోస్తోంది. రిజర్వాయర్ అంకె ఒక్కటే చూసి మంచీ చెడూ తేల్చకూడదు.

66 నాకు నిద్ర పట్టనివ్వలేదు

డబ్బులు తీసుకుని ఇంటికి వచ్చేశాను. దారిలో లెక్క మళ్ళీ వేసుకున్నాను. జీపీయూ 66, నీళ్ళు 43. తేడా 23. 43 నుంచి 23కి దిగింది నిజమే. కానీ 23 కూడా ఎక్కువే. జీపీయూకీ హాట్ స్పాట్‌కీ తేడా 22 ఉండేది, ఇప్పుడు 21. ఫ్లో ఆరు రెట్లు పెరిగినా ఆ తేడా ఒక్క డిగ్రీయే తగ్గింది. అంటే దానికి నీళ్ళతో సంబంధం లేదు. చిప్ మీద ఒక మూల రాగికి సరిగ్గా తగలడం లేదు.

"కొత్తలో కూడా ఇంతే" అన్న మాట అప్పుడు అర్థమైంది. ఈ మెషిన్ కట్టిన రోజు నుంచే తప్పుగా ఉంది. 14 నెలలు 66 డిగ్రీలనే ఆరోగ్యం అనుకున్నారు. నేను దాన్ని ఆ పాత రోగం దగ్గరికే తిరిగి తీసుకొచ్చి పెట్టాను.

మర్నాడు ఫోన్ చేసి, పని పూర్తి కాలేదు, ఆదివారం వస్తాను, దీనికి డబ్బులు వద్దు అని చెప్పాను. మేడమ్ ఆశ్చర్యపోయారు. "బాగానే ఉంది కదండీ, ఎందుకు మళ్ళీ విప్పడం?" పనిచేస్తున్న మెషిన్‌ని విప్పించుకోవడం ఎవరికైనా భయమే. జూన్‌లో కరెంటు పోయి ఏసీ ఆగిన రోజు గది 38కి వెళ్తే ఈ కార్డు మళ్ళీ 77 దగ్గర ఉంటుందని అంకెలతో చెప్పాక ఒప్పుకున్నారు.

ఈలోగా బ్లాక్ తయారీదారు ఇచ్చిన అమరిక పత్రం వెతికి పట్టుకున్నాను. ఆ కార్డు బోర్డుకి మెమరీ మీద ప్యాడ్ మందం 1.0 మిల్లీమీటరు అని ఉంది. మొదట కట్టినతను 1.5 వేశాడు. బహుశా చేతిలో ఉన్నవి అవే అయి ఉంటాయి. నేను అతన్ని నమ్మి అదే వేశాను. పైగా నేను కొన్నవి వేడిని బాగా పంపే రకం. ఆ రకం గట్టిగా ఉంటాయి, నొక్కితే అంతగా నలగవు. మెమరీ చిప్‌లు జీపీయూ చుట్టూ మూడు వైపులా ఉంటాయి. వాటి మీద దిండ్లు ఎత్తుగా పేర్చినట్టయింది. బ్లాక్ వాటి మీద కూర్చుంది, అసలు చిప్ మీద సరిగ్గా కూర్చోలేదు. నాలుగో వైపు ప్యాడ్‌లు లేవు కాబట్టి అటు వాలింది.

ఎంత సందు ఉంటే పది డిగ్రీలు వస్తుంది? ఈ కార్డులోని జీఏ102 చిప్ వైశాల్యం సుమారు 628 చదరపు మిల్లీమీటర్లు. 350 వాట్లలో చిప్ వాటా 220 వాట్లు అనుకుందాం. మామూలు మంచి పేస్ట్ ఉష్ణ వాహకత్వం (వేడిని పంపే శక్తి) మీటరుకి, డిగ్రీకి 5 వాట్లు అనుకుందాం. సందు అదనంగా 0.15 మిల్లీమీటరు ఉంటే లెక్క ప్రకారం పది డిగ్రీలు పెరుగుతుంది. ఒక ఏ4 కాగితం మందం 0.1 మిల్లీమీటరు. కాగితంన్నర మందం. పేస్ట్‌ని నింపే పదార్థంగా కాకుండా, రెండు నున్నటి తలాల మధ్య కంటికి కనబడని గుంటల్ని కప్పే పూతగా చూడాలని మా వర్క్‌షాప్ కుర్రాళ్ళకి చెప్పేది ఇందుకే. దళసరి పేస్ట్ అంటే అడ్డుగోడే.

సరైన మందం ప్యాడ్‌ల కోసం సికింద్రాబాద్‌లోని కంప్యూటర్ల మార్కెట్ సీటీసీలో నాలుగు షాపులు తిరిగాను. 1.0 దొరకడం కష్టం కాలేదు, మెత్తటి రకం దొరకడమే కష్టమైంది. ఆదివారం బ్లాక్ మళ్ళీ విప్పాను. పేస్ట్ అచ్చు చూపిస్తే కుర్రాడికి కూడా వెంటనే అర్థమైంది. వారం కూడా కాని కొత్త పేస్ట్, అయినా ఒక పక్క పలచగా, ఇంకో పక్క వెన్నలా దళసరిగా. సరిగ్గా పాతదాని అచ్చే. ఎండి జరిగిందన్న నా మొదటి వివరణ తప్పని తేలిపోయింది.

ఈసారి ఒక పని ముందే చేశాను, మొదటిసారే చేసి ఉండాల్సింది. కొత్త ప్యాడ్‌లు వేసి, చిప్ మీద పలచగా పేస్ట్ రాసి, స్క్రూలు ఎదురెదురు మూలల వరుసలో కొద్దికొద్దిగా బిగించి, వెంటనే మళ్ళీ విప్పి అచ్చు చూశాను. చిప్ మీద పేస్ట్ అన్ని మూలలా ఒకేలా పలచబడింది, రాగి మీద చిప్ ఆకారం స్పష్టంగా పడింది. ప్రతి మెమరీ ప్యాడ్ మీద చిప్ గుర్తు ఉంది. అప్పుడే తుడిచి, కొత్త పేస్ట్ రాసి, అసలు బిగింపు బిగించాను. దీనికి అదనంగా అరగంట పట్టింది. చేయకపోతే ఎంత పడుతుందో ఇప్పటికే చెప్పాను.

అదే రెండర్, అదే అరగంట. నీళ్ళు 43, జీపీయూ 56, హాట్ స్పాట్ 67. నీళ్ళకీ జీపీయూకీ తేడా 13, జీపీయూకీ హాట్ స్పాట్‌కీ 11.

మెమరీ జంక్షన్ మాత్రం 96 దగ్గర మొండికేసింది. 3090లో 24 మెమరీ చిప్‌లు ఉంటాయి, 12 ముందు, 12 బోర్డు వెనక. బ్లాక్ చల్లబరిచేది ముందువాటినే. సాఫ్ట్‌వేర్ చూపించేది అన్నిటికంటే వేడిగా ఉన్న దాన్ని, అది వెనకదే అవుతుంది. 110 దాకా అది వేగం తగ్గించుకోదు కాబట్టి ప్రమాదం లేదు, కానీ రోజూ పది గంటలు నడిచే కార్డుకి 96 నాకు నచ్చలేదు. వెనక ప్లేట్‌కీ చిప్‌లకీ మధ్య ప్యాడ్‌లు మార్చి, ప్లేట్ మీదికి ఒక చిన్న ఫ్యాన్ తిప్పాను. 86కి వచ్చింది.

చివరిది టేబుల్ కింది అర. మెషిన్‌ని బయటికి లాగి గోడకి ఒక అడుగు దూరంలో పెట్టాం. రేడియేటర్‌లోకి పోయే గాలి 31 నుంచి 28కి దిగింది. దాంతోపాటు నీళ్ళు 40కి, జీపీయూ 53కి. పైసా ఖర్చు లేదు. ఫ్యాన్ల వేగం ఇంతవరకూ ప్రాసెసర్ వేడిని బట్టి మారేది. ఏదో ఫైల్ తెరిస్తే చాలు ఫ్యాన్లు ఒక్కసారి అరిచి ఆగేవి. రిజర్వాయర్‌కి సెన్సర్ పెట్టి, ఫ్యాన్లని నీళ్ళ వేడికి కట్టేశాను. 34 దాకా నెమ్మదిగా, 42 దగ్గర పూర్తిగా. గది నిశ్శబ్దమైంది.

వచ్చేముందు కేస్ పక్క తలుపు లోపల ఒక కాగితం అంటించాను. తేదీ, గాలి 28, నీళ్ళు 40, జీపీయూ 53, హాట్ స్పాట్ 64, మెమరీ 86, కార్డు ముందూ వెనకా నీళ్ళ తేడా 1.6, వాట్లు 350. మెమరీ ప్యాడ్‌లు 1.0 మెత్తవి. నీళ్ళ లెవెల్ తగ్గితే టీడీఎస్ 5 లోపు డిస్టిల్డ్ వాటర్ మాత్రమే పోయాలి. కిందే ఒక సీసా కట్టి పెట్టాను.

జులైలో కుర్రాడు ఫోటో పంపాడు. బయట వాన, ఏసీ ఆపేశారట. గాలి 29, నీళ్ళు 41, జీపీయూ 54. కింద ఒక్క లైను: "తేడా 13యే ఉంది అన్నా." జీపీయూ ఎంత ఉందని కాకుండా, తేడా ఎంత ఉందని రాశాడు. వచ్చే ఫిబ్రవరిలో నీళ్ళు దించి ఫిన్‌లు చూడాలని రాసుకున్నాను. ఈపీడీఎం ట్యూబులతో ఏమీ పేరుకోకూడదు. అయినా విప్పి చూస్తాను.